రాయిలో లేని మచ్చ

బావమరిదికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాక కూడా కాసేపు గోళ్ళు తీసుకుంటూ కూర్చున్నాను.

మీ అక్కకు వజ్రపుటుంగరం కొనడానికి నీ కొట్టుకు వచ్చినప్పుడు, రాయిని భూతద్దంలో చూడటం నువ్వే నేర్పావు. "మచ్చ లేని రాయికి నీ ఆస్తి చాలదు బావా! రాయి లోపల అంచున ఉన్న మచ్చ కంటికి ఆనదు, మెరుపు తగ్గదు. పైగా అది పుట్టుమచ్చలాంటిది, ఏ రెండు రాళ్ళకీ ఒకేలా ఉండదు" అన్నావు. ఈకలాంటి చిన్న చార ఉన్న రాయిని ఏరుకున్నాను. ఆ సరదా కొద్దీ నేనూ ఒక భూతద్దం కొనుక్కుని, ఇంట్లో ఉప్పురాళ్ళు మొదలు చీమకాళ్ళ దాకా అన్నీ చూశాను. చీమకాళ్ళకు నూగు ఉంటుంది, తెలుసా? సరే, అది వదిలెయ్.

ఉంగరం బిగుతైందని వదులు చెయ్యడానికి నీకే ఇచ్చాం. తిరిగొచ్చాక చూస్తే చార లేదు. అద్దం తుడిచి చూశాను, ఎండలో చూశాను. రాయి కడిగిన ముత్యంలా ఉంది. మచ్చ లేదని ఏడ్చేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే కాబోలు. ఫోన్లో అడిగితే "పాలిష్ పెడితే పోయింది బావా" అన్నావు. లోపలి చార పాలిష్‌కు పోదని చెప్పిందీ నువ్వేగా! పరాయివాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. సొంత అక్క ఉంగరంలో వజ్రం తీసి నకిలీ రాయి పెట్టడానికి చెయ్యెలా వచ్చిందిరా?

తనకింకా చెప్పలేదు. "మా తమ్ముడు చేయించాడు" అని అందరికీ చూపిస్తోంది. తెలిసేలోగా నా చార రాయి తెచ్చి పెట్టు.

ఇది రాస్తుండగా తను వచ్చింది. "మా తమ్ముడు మరీ వదులు చేశాడండీ" అంటూ ఉంగరం అడుగున దారం చుట్టుకుని, వంటింట్లోకి వెళ్ళింది.