చెరుకు కొంటామన్న కాగితం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బోధన్ బంకులోకి చెరుకు స్పిరిట్ కలిపిన పెట్రోలు వచ్చింది. నువ్వుంటే మోపెడ్ తీసుకుని అందరికంటే ముందు నిలబడేవాడివి.

"గాలి మంచిగుండాలని సర్కారే కలుపుతున్నది, ఇగ మనకు ఢోకా లేదు" అంటూ పసుపు మాని చెరుకు వేశావు. సర్కారోళ్లు ఊళ్లో పంచిన ఆ ఇంగ్లిషు కాగితం నీకు చదివి చెప్పింది నేనే. గాలి కోసమేనా అని మొన్న క్లాసులో సార్‌ని అడిగితే నవ్వాడు. "గాలి కోసమేంది బిడ్డా, బయటి దేశాల నూనె కొనుడు తగ్గాలని. గాలి ముచ్చట పైపైకి."

చెరుకు కొట్టి తెమ్మని చక్కెర ఫ్యాక్టరీ మనకింకా కోత పర్మిట్ ఇవ్వలేదు. చెరుకు పూతకొచ్చి ఎండుతోంది.

"గా కాయితంల మన చెరుకు కొంటమని రాసున్నది గదనే?" అని అమ్మ రోజూ అడుగుతుంది. భయపడి, "ఉంది" అనే అంటున్నాను.

అందులో గాలి గురించే ఉంది, బాపూ. చెరుకు కొంటారన్న మాట, ఆశగా వింటున్న నీ ముఖం చూసి, నేనే చేర్చాను.