శుక్రవారం సంతకం, ఆదివారం సైకిలు

సాన్ ఎలాదియో
శనివారం సాయంత్రం

తలుపులు వేసుకుని కూర్చున్న మా అక్కకి,

లోకమంతా ఫోన్లలో మాట్లాడుకుంటుంటే నేనిలా కాయితం, కలం ముందేసుకోవాల్సి వచ్చిందంటే అది నీ పుణ్యమే. ఈ కవరు పొద్దున్న బస్సు డ్రైవరు చేతికిస్తాను. మీ కన్యాస్త్రీల మఠం గుమ్మంలో, మీ మొహం కనబడకుండా వస్తువులు అందించే గోడ తిరుగుడు పెట్టెలో పడేసి పోతాడు. డ్రైవర్లందరికీ మీరు చేసే పాలకోవా అంటే ఆశ, అందుకే ఇంతవరకు ఒక్క ఉత్తరం కూడా తప్పిపోలేదు.

అమ్మ పోయాక ఎలా ఉన్నావురా అని అడిగావు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుంది? ఉందని తెలుస్తుంది, కొరుక్కున్నా తెలీదు. నేనూ అలా ఉన్నాను. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, ఎవరైనా జోకు వేస్తే నవ్వాల్సిన చోట నవ్వుతున్నాను. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. డెయిరీ ఆఫీసులో ఉద్యోగం అని చెప్పి వదిలేశాను. అసలు సంగతి ఇది. మా కంపెనీ ఊరూరా పాలు కొనే కేంద్రాల్లో కొత్త యంత్రాలు పెడుతోంది. యంత్రం వచ్చిన చోట మనుషులు ఎక్కువవుతారు. ఆ ఎక్కువైన వాళ్లని పంపించడానికి నేను వెళ్తాను. శుక్రవారం ఒక్కొక్కళ్లనీ గదిలోకి పిలుస్తాను. 'నా ఇష్టంతోనే మానేస్తున్నాను' అని రాసి ఉన్న కాయితం ముందు పెడతాను. ఇవాళే సంతకం పెట్టాలి, రేపు కుదరదు అంటాను. అది అబద్ధం. ఇంటికి తీసుకెళ్లి చదువుకునే హక్కు వాళ్లకుంది. కానీ చదువుకున్నవాడు సంతకం పెట్టడు కాబట్టి, ఇవాళే అనమని నాకు నేర్పారు. నిన్న ఇక్కడ నలుగురు ఆడవాళ్లు పెట్టారు. వాళ్లలో ఆర్సెలియా అనే ఆవిడ ఒక్కతే, మా ఆయనకి ఒకసారి చూపించొచ్చా అని అడిగింది. కుదరదన్నాను. నా గొంతు కూడా మారలేదు.

సోమవారం కేంద్రం తాళాలు అప్పగించేదాకా నేనిక్కడే ఉండాలి. శని, ఆదివారాలు హోటలు గదిలో గోడల్ని చూస్తూ కూర్చోలేక, ఈ మధ్య ఏ ఊరు వెళ్లినా కొండ సైకిలు అద్దెకి తీసుకుంటున్నాను. నిట్టనిలువుగా దిగే బాటలో బుర్రలో ఒక్క విషయానికే చోటుంటుంది. బాగుంటుందని కాదు, మిగతావి అక్కడిదాకా రావు, అంతే. దారి కనుక్కోవడం తేలికే. ఫోన్లో గీతలుంటాయి గానీ వాటిని నమ్మితే ఎవరి ఎద్దుల దొడ్లోనో తేలతాం. రొట్టెల కొట్టు దగ్గర బురద చెప్పులవాడు ఎవడున్నాడో చూసి వాణ్ణే అడగాలి.

ఇక్కడ సైకిళ్లు అద్దెకిచ్చేది లిబోరియో. పెద్ద గొంతు, చిన్న మనిషి. గుర్తింపు కార్డు తీసుకుని డబ్బాలో వేసుకున్నాడు, నా బరువెంతో అడిగి ముందు చక్రం షాకబ్జార్బర్‌లో గాలి సరిచేశాడు, సీటు నా నడుముకి ఆనించి కొలిచాడు. ఏం చేస్తుంటారు సారూ అంటే పశువుల మందులు అమ్ముతానని చెప్పాను. అన్ని ఊళ్లలోనూ అదే చెప్తాను. అయితే మా ఆవిడకి తెలిసే ఉంటారు, డెయిరీలోనే పని, ఆవిడ జీతం ఉందన్న ధైర్యంతోనే ఈ సైకిళ్లు కొన్నాను అన్నాడు. ఆవిడ పేరు ఆర్సెలియా అట.

హెల్మెట్ బకిల్ పెట్టుకుని వెళ్లి తొక్కాను. బాట బాగుంది. రేపు తెల్లారి ఏ ఫోన్లోనూ లేని దారి చూపిస్తానన్నాడు. సరేనన్నాను. ఎందుకన్నానని అడక్కు, నాకూ తెలీదు.

నాకోసం ప్రార్థన చెయ్యి.

నీ తమ్ముడు,
ఎలియెసెర్

*

సాన్ ఎలాదియో
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నిన్నటి కవరు బస్సెక్కింది. ఇది దాని వెనకే వస్తుంది.

ఇవాళ ఈ ఊరి జాతర. పది గంటల పూజకి గంటలు కొట్టేలోపు తిరిగి రావాలని లిబోరియో నన్ను చీకట్లోనే పైకి తీసుకెళ్లాడు. చలిమేఘం నేలకి ఆనుకుని ఉంది. ఈ కొండల్లో పెరిగే మనిషెత్తు, బొచ్చు ఆకుల ఫ్రైలెహోన్ మొక్కలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అక్కణ్ణుంచి దిగడమే. ఆయన ముందు, నేను వెనక. వెనక్కి తిరగకుండానే అరుస్తున్నాడు. బ్రేకు మీద ఒక్క వేలు చాలు సారూ, అంత భయమైతే పెళ్లెలా చేసుకున్నారు అని. చేసుకోలేదన్నాను. అదీ సంగతి అన్నాడు.

ఆ దారి ఫోన్లో ఎందుకు లేదంటే అది ఆయన సొంత దారి. ఆదివారాలు పలుగు పట్టుకుని ఆయనే తవ్వాడు. మలుపుల్లో జారకుండా పరిచిన రాళ్లు భార్య గంపతో మోసింది. ప్రతి మలుపు దగ్గరా చెప్పాడు, ఇది ఆర్సెలియా రాళ్లు, ఇదీ ఆర్సెలియా రాళ్లే అని. వాటి మీదుగా నేను దిగాను. బంగాళాదుంపల చేను గట్టు దాటి దారి తిన్నగా వాళ్ల పెరట్లోకి దిగింది. అక్కడితో ఆఖరు.

ఆవిడ పొయ్యి దగ్గరుంది. తలెత్తి నన్ను చూసింది. నేనూ చూశాను. లిబోరియో నా భుజం మీద చరిచి, ఈయన పశువుల మందులాయన, పట్నం మనిషైనా పర్వాలేదు, రెండుసార్లే పడ్డాడు అని పరిచయం చేశాడు. ఆవిడ పొయ్యిలో కట్టె సర్ది, మంచి పనే, కూర్చోండి అంది. వేడి బెల్లం నీళ్లలో జున్నుముక్క వేసి తెచ్చి ముందు పెట్టింది. నేను తాగాను.

ఆయన సైకిళ్లు కడగడానికి బయటికి వెళ్లాక గిన్నె తీస్తూ మెల్లగా అంది. "ఆయనకి ఇంకా చెప్పలేదు. జాతర పాడుచెయ్యొద్దని నలుగురం అనుకున్నాం. రేపు చెప్తాం. మీరు చెప్పకండి."

చెప్పనన్నాను.

"ఆ కాయితం ఆయనకి చూపించాలనుకున్నాను. ఆయన చదవగలడు. నాకు సగమే వచ్చు."

కొళాయి చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ గిన్నె కింద పెట్టి నా మోకాలి బురద వంక చూసింది.

"ఊరూరా ఇలాగే సైకిలు తొక్కుతారని మా ఆయన చెప్పాడు. మమ్మల్ని పంపించేశాక తొక్కుతారా, ముందా?"

"తర్వాతండి."

"ఈసారి ముందు తొక్కండి," అంది.

కోపంగా అనలేదు. ఉప్పు చాలలేదని చెప్పినట్టు చెప్పింది. లిబోరియో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు, ఆవిడ ఆయనకీ ఒక గిన్నె పోసింది, ఇద్దరూ జాతరలో పాటకచేరీ గురించి మాట్లాడుకున్నారు. కార్డు తీసుకుని హోటలుకి వచ్చేశాను.

అక్కా, ఇప్పుడైనా నాకేదో ఒకటి అనిపించాలి కదా. సిగ్గో, ఏడుపో, కనీసం ఆవిడ మీద కోపమో. మంచం మీద కూర్చుని చాలాసేపు ఎదురుచూశాను. ఏమీ రాలేదు. నాలో ఆ భాగం అమ్మతోనే పోయిందేమోనని అనుమానం. అసలది మళ్లీ వస్తుందా? వచ్చే శుక్రవారం పెన్యా ఆల్తా అనే ఊళ్లో ఉంటాను. మళ్లీ అదే కాయితం, అదే మాట.

ఎలియెసెర్

*

మఠం నుంచి
మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

రెండు ఉత్తరాలూ పెట్టెలో పడ్డాయి. ఇక్కడి రూలు ప్రకారం మదర్ చదివాకే నా చేతికిచ్చింది కాబట్టి ఇద్దరం కలిసి తిడుతున్నామనుకో.

నీ మనసు మొద్దుబారిపోయిందని అంత వివరంగా రాశావు. దవడ, సూది, మంచం మీద ఎదురుచూడటం. సగమే చదువుకున్న మనిషి చేత చదవనివ్వకుండా సంతకం పెట్టించిన ముక్క మాత్రం అలా పైపైన రాసి దాటేశావు. నీ గాయాన్ని బాగానే ముద్దు చేసుకుంటున్నావు.

అమ్మ పోయిన రోజు నేను మఠం గడప దాటకూడదు కదా. ఇక్కడ గంట కొట్టడం నా వంతు, కొట్టాను. మర్నాడు కోవా కలుపుతుంటే ఏడుపు ఆగలేదు, కోవా అంతా మాడిపోయింది. మదర్ ఒక్క మాట అనలేదు. నువ్వేమో శవపెట్టె మోసి, వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చి, సోమవారం పనిలోకి వెళ్లిపోయావు. ఎంత నిబ్బరమో అని పిన్ని మెచ్చుకుంటూ రాసింది. నాకు మాత్రం భయమేసింది.

నీకోసం ప్రార్థన చెయ్యమన్నావు. చెయ్యను. ఈ వారం నా వంతు ప్రార్థనంతా ఆ ఆర్సెలియాకే. ఆవిడ నీకో పని చెప్పింది, అది చెయ్యి. ముందు తొక్కు, పంపించబోయేవాళ్ల ఊరూ మొహాలూ చూశాకే ఆ గదిలోకి వెళ్లు. అదీ చేతకాకపోతే ఇక నాకు సైకిళ్ల గురించి రాయకు.

మీ అక్క,
క్లెమెన్సియా

*

పెన్యా ఆల్తా
శుక్రవారం సాయంత్రం

అక్కా,

నీ తిట్లు బుధవారమే అందాయి. మదర్‌కి నా నమస్కారాలు.

నిన్న గురువారమే ఇక్కడికొచ్చాను. బస్సులో జాబితా చదివాను. ఐదు పేర్లు. దిగగానే కేంద్రానికి వెళ్లలేదు. మంగలి షాపాయన దగ్గర సైకిళ్లుంటాయన్నారు, ఒకటి తీసుకున్నాను. టైర్లు బాగానే ఉన్నాయి, బ్రేకులే కొంచెం చప్పుడు చేస్తాయి. దారి ఎటని అడిగితే, పాలబళ్లు తిరిగే పాత బాట ఏటిదాకా దిగుతుంది, కానీ తిరిగి ఎక్కడం నీవల్ల కాదు అన్నాడు.

సగం దిగేసరికి వెనకనుంచి ఒకడు బెల్లు కొట్టుకుంటూ నన్ను దాటిపోయాడు. తుప్పు సైకిలు, కాలికి రబ్బరు బూట్లు. ఏటి దగ్గర ఆగి నాకోసం ఎదురుచూశాడు, కేవలం ఎగతాళి చెయ్యడానికి. అంత ఖరీదు సైకిలెక్కి పెళ్లిఊరేగింపులా దిగుతున్నావేం అన్నాడు. పాలకేంద్రంలో పాలు పరీక్షచేసే పని అట, రోజూ భోజనానికి ఇలాగే ఇంటికి దిగి వస్తాడట. పేరడిగాను. రోసెండో కర్వహాల్. జాబితాలో మొదటి పేరు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఏటి ఒడ్డునున్న తన ఇంట్లోంచి ఉడికించిన బంగాళాదుంపలు మూట తెచ్చాడు, ఉప్పు అద్దుకుని ఇద్దరం తిన్నాం. కూతురికి లెక్కలు రావని, అది తన పోలికేనని చెప్పాడు. తర్వాత ఎక్కడం మొదలుపెట్టాం. మంగలాయన చెప్పింది నిజమే. మూడో మలుపు దగ్గర ఇక తొక్కలేకపోయాను. దిగి తోసుకుంటూ వస్తాను, నువ్వు వెళ్లు అన్నాను. అతను పక్కకి వచ్చి నా వీపు మీద అరచెయ్యి ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్లకి ఇది మామూలే, వెనకబడ్డవాణ్ణి ఇలాగే తోస్తారు. ఒక చేత్తో తన హ్యాండిలు, రెండో చెయ్యి నా మీద.

అమ్మ అంత్యక్రియల తర్వాత నన్ను ఎవరూ ముట్టుకోలేదక్కా. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆగలేదు. అమ్మకోసం, ఆ రాళ్లు మోసినావిడకోసం, ఈ పక్కవాడికోసం, అన్నీ కలిపి వచ్చింది. ముక్కు కారుతోంది, దారి కనబడటం లేదు. ఎత్తు పడక ఆయాసపడుతున్నాననుకున్నాడు. "మాట్లాడకు, ఊపిరి చూసుకో, తొక్కుతూ ఉండు," అన్నాడు. పైదాకా చెయ్యి తియ్యలేదు.

ఇవాళ పొద్దున్న ఐదుగుర్నీ ఒకేసారి గదిలోకి పిలిచాను. కాయితాలు పంచి చెప్పాను. వీటిమీద ఇవాళ సంతకం పెట్టొద్దు, ఇంటికి తీసుకెళ్లండి, చదవగలిగినవాళ్ల చేత చదివించుకోండి, తూంహా పట్నంలో లాయరుకి చూపించండి అని. ఇవాళే పెట్టాలని ఇన్నాళ్లూ అన్ని ఊళ్లలోనూ చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవడానికి ఏముంది, ఉద్యోగం పోయే కాయితమే కదా పంచింది. ఒక ముసలాయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్లూ లేచారు. రోసెండో మాత్రం ఉండిపోయాడు.

"నిన్న నిన్ను తోస్తున్నప్పుడు, నా పేరు దీంట్లో ఉందని నీకు తెలుసా?"

"తెలుసు."

తల ఊపాడు. కాయితం మడిచి బూటులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కొట్టినా బాగుండేది. ముందు తొక్కితే ఏదో పాపం కడుక్కున్నట్టు అవుతుందనుకున్నాను కాబోలు, అలా ఏమీ కాలేదు. ఆ తల ఊపడం మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు.

మధ్యాహ్నానికల్లా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, సోమవారం వచ్చి కలవమని. ఎందుకో నాకు తెలుసు, ఆ మాట నేనే ఎంతమందికి చెప్పానో. తర్వాత నేనే ఆ తూంహా లాయరుకి ఫోన్ చేశాను. ఇవాళే పెట్టాలని బలవంతపెట్టామని నాలాంటివాడు జడ్జి ఎదుట నిలబడి చెప్తే, సాన్ ఎలాదియోలో పెట్టించిన సంతకాలు కూడా నిలవకపోవచ్చన్నాడు. కేసు గెలుస్తామని పూచీ లేదు, చెప్తావా అన్నాడు. చెప్తానన్నాను.

కాబట్టి ఎల్లుండి మళ్లీ సాన్ ఎలాదియోకి వెళ్తున్నాను. ఆర్సెలియాకి ఈ సంగతి చెప్పాలి. లిబోరియోకి నేనెవరో చెప్పాలి. ఆయన ఏమంటాడో, గుమ్మంలోకి రానిస్తాడో, పలుగు తీస్తాడో నాకు తెలీదు. ఇది రాస్తూ రాస్తూ రెండుసార్లు కలం కింద పెట్టేశాను. నాకు భయంగా ఉందక్కా. నిజంగా, చాలా భయంగా ఉంది.

నీ
ఎలియెసెర్