మంగ మెడ మీది తామర

రెంటచింతల, ఏప్రిల్ 1986

ఈ రోజు బడిలో హెడ్మాస్టరుగారికి ఎదురు చెప్పాను.

నేను పాఠం చెప్పే అయిదో తరగతిలో మంగ మెడ మీద తామర చూడగానే ఆయన గుమ్మంలోంచే అరిచారు. "ఆ క్వారీ వాళ్ల పిల్లని వరండాలో కూర్చోబెట్టమ్మా! వాళ్లకి శుభ్రం ఏంది? ఆ జబ్బు వాళ్ల కులంలోనే పుడతది."

మంగ తలొంచుకుని సంచీ తీసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. జాకెట్టు చేయి పైకి లాగి నా తామర చూపించాను.

"అయితే నేనూ వరండాలోకే పోవాలండీ. మదనపల్లె చల్లదనంలో ఉన్నన్నాళ్లూ నాకిది లేదు. ఇక్కడ మొదటి ఎండాకాలమే పట్టుకుంది. ఎండకీ, చెమటకీ ముదురుతుందని మాచర్ల డాక్టరు చెప్పాడు. అది కులం చూసి రాదు."

"నీ సంగతి పైవాళ్లకి రాస్తా," అని ఆయన విసురుగా వెళ్లిపోయారు.

రాయనీ. డాక్టరు నాకిచ్చిన మందే మంగ మెడకు రాశాను.

"మండుతోందా?"

"చానా మండతంది టీచరమ్మా," అంది, కదలకుండానే.

ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. అయినా సరే, రేపు కూడా ఆ పిల్ల లోపలే కూర్చుంటుంది.