నువ్వు నేర్పిన ముడి

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న నీ కొడుకును వికలాంగుల సర్టిఫికెట్ కోసం మళ్లీ కర్నూలు తీసుకెళ్లాను. పోయినసారి కాలికి రాసిన వైకల్య శాతం పింఛనుకు చాలదు. మతి సంగతి కూడా రాస్తే రెండూ కలిపి సరిపోతుందన్నారు.

మతి డాక్టరు గదిలో బల్లగుడ్డ అంచున పోగు తెగి ఉంది. ఈయన అది చూసి, చిన్నప్పుడు మగ్గం దగ్గర నువ్వు నేర్పిన ముడి వేసి అతికించాడు.

"ఇంత నేర్పుగా చేస్తాండాడు, మతికేమైందమ్మా?" అన్నాడు డాక్టరు.

"కట్టుకున్న పెళ్లాన్నే గుర్తుపట్టడు సార్" అన్నాను. డాక్టరు నమ్మలేదు. ఏమీ రాయకుండానే కాగితం వెనక్కి ఇచ్చేశాడు.

తిరుగు బస్సులో నీ కొడుకు నా వైపు తిరిగి మర్యాదగా అడిగాడు.

"అక్కా, మాయమ్మ యాడుండాది?"

ఆ మాట డాక్టరు ముందు అనుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను, అత్తా.