బాపు గది సందులు

జనవరి, ఆదివారం రాత్రి

బాపును ఈ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. పక్క మంచం మీద నిద్రపోతున్నాడు. ఊపిరి ఆడుతోందా అని ఇప్పటికి మూడుసార్లు లేచి చూశాను.

మేడ మీది రేకుల గదిలో చలికి ఆయన దగ్గుతుంటే వినలేక, శుక్రవారం సెలవు పెట్టి పనికి దిగాను. రేకుల కింద థర్మాకోల్ షీట్లు బిగించాను. కిటికీ సందులకు, తలుపు అంచులకు ఫోమ్ పట్టీలు అంటించాను. వెంటిలేటర్‌ను కూడా అట్టతో మూసేశాను. ఒక్క సందూ మిగల్లేదని సంబరపడ్డాను.

నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మేడ మీంచి నా భార్య సుజాత కేక వేసింది. "జల్ది రాండ్రి! మామ ఎంత లేపినా లేస్తలేడు!"

పైకి ఉరికాను. మంచం పక్కన కుంపటి, అందులో ఎర్రటి బొగ్గులు. ప్రతి చలికాలం ఆయన పెట్టుకునేదే. ఆ బొగ్గుల విషవాయువు ఇన్నేళ్లూ బయటికి పోయింది నేను మొన్న మూసిన సందుల్లోంచేనని అప్పుడు తట్టింది. ఇద్దరం ఆయన్ను ఎత్తి ఆరుబయటికి తెచ్చాం. ఆసుపత్రికి వెళ్తున్న ఆటో కిషన్‌బాగ్ దాటాక గానీ ఆయన కళ్లు తెరవలేదు.

రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఇంకొంచెం లేటైతే మా చేతుల ఏం ఉండకపోవు" అన్నాడు.

ఇంటికి రాగానే వెంటిలేటర్ అట్ట పీకేశాను. బాపుకు జరిగింది సరిగ్గా అర్థమైనట్టు లేదు. పడుకునే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గంత వెచ్చగ నేనెన్నడు పండుకోలే బిడ్డా. మస్తు నిద్ర పట్టింది."

అది ఏ నిద్రో ఆయనకు చెప్పలేకపోయాను.