నా పేరు మీద వచ్చిన ఫిర్యాదు

పటమట,
గురువారం.

అసోసియేషన్ సెక్రటరీ బసవపున్నయ్య గారికి,

నమస్కారం. ఎదురు ఫ్లాట్‌లో ఉండే భానుశ్రీ వాళ్ళ కుక్క మధ్యాహ్నం విశ్రాంతి వేళ నా గుమ్మం ముందు అరుస్తోందనీ, మనిషి పోయిన ఇంటికి అది ఇబ్బందనీ మీరు వాళ్ళకు నోటీసు ఇచ్చారట. నా మేలు కోరే ఇచ్చి ఉంటారు. కాని నా పేరు మీద వచ్చిన ఆ ఫిర్యాదు నేను చేయలేదు.

నిన్న లిఫ్టు దగ్గర భానుశ్రీ కుక్కతో కనిపించి, "సారీ అంకుల్, ఆదివారం దీన్ని గన్నవరంలో మా అత్తయ్య వాళ్ళింటికి పంపించేస్తున్నామండీ" అంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా భార్య రమాసుందరి రోజూ మా భోజనాలయ్యాక దానికి గుమ్మం దగ్గర పెరుగన్నం పెట్టేది. కాస్త ఆలస్యమైతే అది అరిచేది. "వస్తున్నా ఉండరా! నీకంటే మా ఆయనే నయం, అడక్కుండా కూర్చుంటాడు" అని వంటింట్లోంచి కేకేసేది.

ఆమె పోయినప్పటి నుంచి మా గుమ్మం ముందు అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నా దగ్గర ఆమె పేరెత్తడానికి కూడా మొహమాటపడుతున్నారు. ఆమెను ఇంకా పిలుస్తున్నది ఆ కుక్క ఒక్కటే.

దయచేసి నోటీసు వెనక్కి తీసుకోండి. ఆ వేళ కుక్క అరవకూడదన్న నిబంధన నాకు తెలుసు. ఇకమీదట పెరుగన్నం నేనే వేళకు పెడతాను. ఇవాళ పెట్టాను, తింది.

ఎప్పుడైనా నేను కావాలనే ఆలస్యం చేస్తే మాత్రం మన్నించండి.

ఇట్లు,
మీ మూడో అంతస్తు పొరుగువాడు.