కోల్డ్ స్టోరేజీలో ఆ ఉద్యోగం

శంషాబాద్

గౌరవనీయులైన చలపతి గారికి నమస్కారాలు.

పోయిన వేసవిలో గగన్‌పహాడ్‌లోని మీ కోల్డ్ స్టోరేజీలో ఒకేషనల్ లెక్చరర్లకు శిక్షణ ఇచ్చారు. అందులో నేనూ ఉన్నాను. చివరి రోజు మీరు, "ఇక్కడే ఉండిపోండి మాస్టారూ, ఉద్యోగం ఇస్తాను" అన్నారు. "మా పిల్లలకు నేర్పాలె సార్" అని వచ్చేశాను.

నేర్పాను. తొండుపల్లి నుంచి వచ్చే సరిత అనే అమ్మాయి ఏసీ పైపులకు సబ్బు నురగ పూసి, గ్యాసు ఎక్కడ కారుతోందో తనే పట్టుకుంది. "బుడగలొస్తున్నయ్ సార్, జర చూడుండ్రి!" అని క్లాసంతా వినేలా అరిచింది.

చేరేవాళ్లు తక్కువని ఈ ఏడు మా కాలేజీలో ఏసీ మెకానిక్ కోర్సు ఎత్తేశారు. నన్ను ఆఫీసు పనికి మార్చారు. పిల్లలను వేరే కాలేజీకి పొమ్మన్నారు. సరితను ఇంట్లో అంత దూరం పంపలేదు. మొన్న బస్టాపులో కనిపించింది. గోదాములో పెట్టెలకు టేపు అంటిస్తోందట. "చేతికొచ్చిన పని మర్చిపోతనేమో సార్" అంది. మీ దగ్గరే ఉండిపోయి ఉంటే, ఆమెను అక్కడికి పిలిచే వీలైనా ఉండేది.

ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉంటే, నాకు వద్దు. ఆమెను హెల్పరుగానైనా పిలిచి, పని ఇచ్చి చూడండి. ఈ ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు. మీరు సరేనన్నాకే చెబుతాను. ఆమెకు ఇంకోసారి ఆశ పెట్టి చేతులెత్తేయలేను.

ఇట్లు,
మీ దగ్గర నేర్చుకుని వెళ్లిన మాస్టారు